వాక్యాన్ని కంఠతా పట్టిన కొండలోయల ప్రజలు



మే నెల వచ్చిందంటే మన గూడేల్లోని ప్రార్థనా మందిరాల్లో వి.బి.ఎస్. మొదలవుతుంది. మేమూ చిన్నప్పుడు ఆ చాపల మీద కూర్చున్నవాళ్లమే. రోజుకొక కంఠత వాక్యం. తడబడకుండా అప్పజెప్పినవాళ్లకు స్టీలు గ్లాసో, పెన్నో ఇచ్చేవారు. 23వ కీర్తన మొత్తం వచ్చిన రోజున ఇంటికి పరుగెత్తి అవ్వకు వినిపించేవాళ్లం. అవ్వకు తెలుగు సగమే అర్థమయ్యేది. అయినా చివరిదాకా విని, "బాగా పట్టావు" అనేది.

ఈ సంచికకు వ్యాసాలు ఎంచుకునేటప్పుడు, సంస్కృతి సంచికలో బైబిలు సంగతి ఎందుకని కమిటీలో ఒకరిద్దరు పెద్దలు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. మన కోయ ఇళ్లలో ఇలవేల్పును కొలిచేవి ఉన్నాయి, ఆదివారం చర్చికి వెళ్లేవి ఉన్నాయి, ఒకే కప్పు కింద రెండూ నడిచేవి కూడా ఉన్నాయి. ఎవరి దేవుడు గొప్ప అనే వాదన మాకు అక్కర్లేదు. మాటను తలలో దాచుకుని ఒక చిన్న ప్రజ వందల ఏళ్లు ఎలా నిలిచిందో, ఆ తర్వాత ఏం పోగొట్టుకుందో చెప్పాలని ఈ వ్యాసం.

కంఠస్థం చేయడం క్రైస్తవులకు మొదటినుంచీ ఉన్న అలవాటే. వాళ్లకు అది యూదుల నుంచి వచ్చింది. 119వ కీర్తన తెరిచి చూడండి. ఆలెఫ్, బేత్ అంటూ ముక్కలు ముక్కలుగా ఉంటుంది. హీబ్రూలో 22 అక్షరాలు, ఒక్కో అక్షరంతో మొదలయ్యే వచనాలు ఎనిమిదేసి, మొత్తం 176. అక్షరం గుర్తుంటే వచనం దానంతటదే నోటికొస్తుంది. తెలుగులోకి వచ్చాక అక్షరాల పేర్లు మిగిలాయి గానీ ఆ కిటుకు పోయింది. మన పిల్లలు అందుకే 119 దగ్గర అంత కష్టపడతారు!

4వ శతాబ్దంలో ఈజిప్టులో పకోమియస్ అనే సన్యాసి పెద్ద మఠాలు నడిపాడు. ఆయన నియమాల ప్రకారం, చదువు రాని మనిషి మఠంలో చేరితే ముందు 20 కీర్తనలో, రెండు పత్రికలో నేర్పాలి. మఠంలో ఉన్నవారెవరైనా కనీసం కొత్త నిబంధన, కీర్తనలు కంఠతా పట్టాలి. అంతకు కొద్ది ముందే, 303లో, రోమా చక్రవర్తి డయొక్లీషియన్ క్రైస్తవుల గ్రంథాలను తగలబెట్టమని ఆజ్ఞ ఇచ్చాడు. ఆ కాలపు చరిత్రకారుడు యూసేబియస్ ఒక సంగతి రాశాడు. సభలో యోహాను అనే ఈజిప్టువాడు నిలబడి లేఖనాలు వినిపిస్తుంటే, పుస్తకం చూసి చదువుతున్నాడని దూరం నుంచి అనుకున్నాడట. దగ్గరికి వెళ్తే తెలిసింది, అతను గుడ్డివాడు. గ్రంథాలకు గ్రంథాలే అతని నోట్లో ఉన్నాయి. ఆ తర్వాత అతన్ని కూడా చంపేశారు.

ఇక అసలు కథ. ఫ్రాన్సులోని లియోన్ పట్టణంలో వాల్దో అనే వర్తకుడు ఉండేవాడు. 1173 ప్రాంతంలో ఆస్తి వదిలేసి, సువార్తలను లాటిను నుంచి జనం మాట్లాడే భాషలోకి రాయించాడు. ఆయన వెంట నడిచినవారికి వాల్దెన్సులని పేరు. పాదిరీలు కానివాళ్లు బోధించకూడదని అధికారులు అడ్డుపడ్డారు. 1184లో పోపు వారిని మతం నుంచి వెలివేశాడు. 1229లో తులూజ్ సభ మామూలు జనం బైబిలు పుస్తకాలు దగ్గర పెట్టుకోవడాన్నే నిషేధించింది. చాలామంది ఆల్ప్స్ కొండల లోయల్లోకి, ఇప్పటి ఇటలీ ఫ్రాన్సు సరిహద్దు వైపు, సర్దుకున్నారు. కొందరు ఆస్ట్రియా దాకా చెదిరిపోయారు.

వాళ్ల జ్ఞాపకశక్తి గురించి మనకు బాగా చెప్పింది వాళ్లను వేటాడినవాళ్లే! 1260ల ప్రాంతంలో ఆస్ట్రియా వైపు ఒక మతవిచారణ అధికారి రాసిన నివేదిక ఉంది. చదువురాని పల్లెటూరివాడొకడు యోబు గ్రంథాన్ని పొల్లు పోకుండా అప్పజెప్పడం తాను విన్నానని, కొత్త నిబంధన అంతా వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారని అందులో ఉంది. ఆడా మగా అందరూ పగలు పనిచేసుకుని, రాత్రి నేర్చుకోవడమో నేర్పడమో చేసేవారట. నాకు రాదు అన్నవాడికి, రోజుకు ఒక్క మాట నేర్చుకో, ఏడాదికి మూడువందలు వస్తాయి అని చెప్పేవారట. ఒక మనిషికి తమ మాట చెప్పడానికి చలికాలపు రాత్రి ఇబ్స్ నదిని ఈదినవాడు కూడా ఉన్నాడట. శత్రువు రాసిన ఈ కాగితం లేకపోతే ఇవేవీ మనకు తెలిసేవి కావు.

ఊరూరా తిరిగే వాళ్ల బోధకుణ్ణి 'బార్బా' అనేవారు. ఆ కొండల భాషలో బాబాయి, మామ అని పిలిచే వరస మాట అది. తండ్రి అని పిలిపించుకునే పాదిరీకి బదులు, వీళ్లకు ఇంటికొచ్చే మామ ఉండేవాడు. మాకు బాగా నచ్చిన సంగతి ఇదే. 1530లో జార్జ్ మొరెల్ అనే బార్బా తమ పద్ధతిని రాతలో పెట్టాడు. కొత్తగా వచ్చేవాళ్లు ఎక్కువగా పశువులు కాసేవాళ్లు, సేద్యం చేసేవాళ్లు. పొలం పని ఉండని చలికాలపు నెలల్లో, మూడు నాలుగేళ్లపాటు, వారికి చదవడం నేర్పి, మత్తయి, యోహాను సువార్తలు, పత్రికలు కంఠతా పట్టించేవారు. ఆ తర్వాత పెద్ద బార్బా వెంట ఇద్దరిద్దరుగా తిరగాలి. చేతిలో ఇమిడే చిన్న రాతప్రతులు కూడా ఉండేవి. కొన్ని ఇప్పటికీ కేంబ్రిడ్జి, డబ్లిన్, జెనీవా గ్రంథాలయాల్లో ఉన్నాయి. పుస్తకం దొరికితే ప్రాణం పోయే రోజులు కాబట్టి అసలు గ్రంథాలయం తలే. అందులోనూ ప్రమాదం ఉంది. పామరుడికి సువార్త నోటికి రావడమే అతను వాల్దెన్సు అని పట్టించేది.

1532లో ఆంగ్రోన్యా లోయలో శాన్ఫొరాన్ దగ్గర వాళ్లు సభ పెట్టి ప్రొటెస్టెంటులతో కలిశారు. మంచి అచ్చు బైబిలు కావాలనుకుని డబ్బు పోగుచేశారు. 1535లో ఒలివెతాన్ అనువాదం వచ్చింది. పేద కొండజనం కూడబెట్టిన సొమ్ముతో వచ్చిన పుస్తకం. కానీ అది ఫ్రెంచిలో ఉంది. వాళ్ల ఇంటి మాట ఆక్సిటాన్ యాస. బార్బాలు నోటితో మోసిన వాక్యం ఆ యాసలోది. మెల్లగా ఊరూరా తిరిగే బార్బాలు పోయి, గుడి దగ్గరే ఉండే పాస్టర్లు వచ్చారు.

1630లో లోయల్లోకి ప్లేగు వచ్చింది. పాస్టర్లలో ఇద్దరు ముగ్గురు తప్ప అందరూ చనిపోయారు. వారి స్థానంలో జెనీవా నుంచి వచ్చినవారు ఫ్రెంచిలో బోధించారు. ఆరాధనకు ఫ్రెంచి స్థిరపడింది. 1655లో సైన్యం వాళ్లను ఊచకోత కోసింది. దానికి కూడా తట్టుకున్నారు. 1848 ఫిబ్రవరి 17న రాజు వాళ్లకు పౌరహక్కులు ఇచ్చాడు. ఇప్పటికీ ఆ ముందు రాత్రి లోయల్లో మంటలు వేసి పండుగ చేసుకుంటారు. 1832లో పియెర్ బెర్ అనే పాస్టరు లూకా, యోహాను సువార్తలను వాళ్ల యాసలో అచ్చువేయించాడు. అప్పటికి ఆరాధన ఫ్రెంచికి మారి దాదాపు రెండువందల ఏళ్లు.

ఇది చదువుతుంటే మాకు దుమ్ముగూడెం గుర్తొచ్చింది. గోదావరి ఒడ్డున అక్కడ పనిచేసిన మిషనరీ జాన్ కెయిన్ 1880లలో లూకా సువార్తను కోయ మాటలోకి తెచ్చాడు. ఇక్కడా లూకానే. అయినా మేము చాప మీద నేర్చుకున్న వాక్యాలన్నీ తెలుగువే. తెలుగు మనకు బడి ఇచ్చింది, ఉద్యోగం ఇచ్చింది, ఈ వ్యాసం కూడా అందులోనే రాస్తున్నాం. దాని మీద మాకు కోపం లేదు. కానీ హాస్టల్లో కోయలో మాట్లాడితే నవ్వేవారు. ప్రార్థన కూడా తెలుగులో చేస్తేనే గౌరవం అనుకుని, మేమే మానేశాం. దీనికి ఏ మిషనరీనో తప్పుపట్టి ఊరుకోలేం.

మనకూ బార్బాలు ఉన్నారు. పడిగె విప్పి, డోలు కొట్టి, గట్టు గోత్రాల కథలు రాత్రంతా చెప్పే డోలీలు. వారిది కూడా మాటను నోటితో మోసే విద్యే. వారి దగ్గర కూర్చుని నేర్చుకునే పిల్లలు తగ్గిపోతున్నారు. ఫోనులో రికార్డు చేశాం కదా అంటారు మన కుర్రాళ్లు. చేశారు, మంచిదే. ఆ రికార్డు మళ్లీ ఎవరు విన్నారని అడిగితే జవాబు లేదు.

వచ్చే మే నెలలో కూడా గూడేల్లో కంఠత వాక్యాల పోటీ ఉంటుంది. చర్చి పెద్దలతో మాట్లాడాం. తెలుగు వాక్యాలతో పాటు కోయలో చెప్పేవారికి వేరే బహుమతి పెట్టడానికి ఒప్పుకున్నారు. కొలుపులనాడు డోలీల దగ్గర ఒక గోత్రం కథ నేర్చుకున్నవారికి కూడా అదే బహుమతి ఇవ్వాలని మన సంఘం తీర్మానించింది. ఏ వాక్యం, ఏ కథ అన్నది ఇంకా తేలలేదు. అవ్వలను అడుగుతున్నాం.