పేగు గోడలో గాలి: సీటీ చెప్పేదెంత?

సీటీ స్కాన్‌లో పేగు గోడ లోపల గాలి కనిపిస్తే సర్జన్‌కు కబురు వెళ్లాల్సిందే. వెంటనే కడుపు కోయాలా అన్నది వేరే ప్రశ్న. న్యూమటోసిస్ ఇంటెస్టైనాలిస్ అని పిలిచే ఈ గాలి జబ్బు కాదు, ఒక గుర్తు. 1952లో కాస్ అనే పరిశోధకుడు 213 కేసులు పరిశీలించి, దాదాపు 85 శాతంలో దాని వెనుక మరో వ్యాధి ఉందని రాశాడు. సీటీ రాకముందు లెక్క అది, ఇవాళ్టికి అలాగే అన్వయించలేం.

ముందు ఆ గాలి నిజంగా గోడలోనే ఉందా అని తేల్చుకోవాలి. పెద్దపేగు మొదట్లో, మలానికీ గోడకూ మధ్య చిక్కిన బుడగలు అచ్చం అలాగే కనిపిస్తాయి. వెల్లకిలా పడుకున్న మనిషిలో పేగు లోపలి గాలి పైకి తేలుతుంది. కాబట్టి వీపు వైపు గోడలోనూ బుడగలుంటే అనుమానం బలపడుతుంది. గుండ్రని బుడగలైతే భయం లేదు, సన్నని గీతలైతే ప్రమాదం అనే సూత్రాన్ని పూర్తిగా నమ్మకూడదు. కాలేయపు పోర్టల్ సిరలోకీ గాలి చేరడం, రంగుమందు ఎక్కించినా గోడ వెలగకపోవడం, రక్తంలో ల్యాక్టేట్ పెరగడం ఇంతకంటే గట్టి సాక్ష్యాలు.

కృష్ణా డెల్టాలో అడగాల్సిన ప్రశ్న మరొకటుంది: షుగరుకు ఏ మాత్ర వేసుకుంటున్నారు? వోగ్లిబోస్, అకార్బోస్ పిండిపదార్థాల అరుగుదలను ఆలస్యం చేస్తాయి. అరగకుండా పెద్దపేగు చేరిన భాగాన్ని బ్యాక్టీరియా పులియబెడితే వాయువు పుడుతుంది. ఈ మందులు వాడేవారిలో పేగు గోడలో గాలి కనిపించిన కేసులు జపాన్ నుంచి చాలా వచ్చాయి. రెండు పూటలా అన్నం తినే మన దగ్గర ముప్పు ఎక్కువేమో అనిపించడం సహజం. కానీ ఆ కేసుల్లో లవం ఉంది, హారం లేదు: ఎందరు వాడితే అందరికి వచ్చిందో తెలియదు. సిద్ధార్థ వైద్య కళాశాలకు అనుబంధమైన విజయవాడ ప్రభుత్వాసుపత్రి లాంటి చోట సీటీ రిపోర్టులను మందుల వివరాలతో జతచేసి చూస్తే కొంత తేలవచ్చు.

చిక్కేమిటంటే, వోగ్లిబోస్ తరచూ మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్‌లతో కలిసి ఒకే మాత్రలో ఉంటుంది. గుడివాడ నుంచో అవనిగడ్డ నుంచో వచ్చిన పెద్దాయనకు మాత్ర రంగు గుర్తుంటుంది గానీ పేరు గుర్తుండకపోవచ్చు. అందుకే స్ట్రిప్పు తెప్పించి చూడాలి. పొట్ట మెత్తగా ఉండి, ల్యాక్టేట్ మామూలుగా ఉంటే, ఆ మందు ఆపి కనిపెట్టుకుని ఉండవచ్చు. నొప్పి ముదిరినా, బీపీ పడిపోయినా ఇక ఆగకూడదు.