హాట్‌మెయిల్ ఎదుగుదల: అంకెల వెనుక కథ

విద్యార్థులారా! మీ పాఠశాలలో రెండు రకాల రిజిస్టర్లు ఉంటాయి. ప్రవేశాల రిజిస్టరులో ఒకసారి ఎక్కిన పేరు అలాగే ఉండిపోతుంది. హాజరు పట్టీ మాత్రం రోజూ మారుతుంది. ఈ తేడాను గుర్తుంచుకోండి. ఒక ఇంటర్నెట్ సంస్థ చరిత్రను చదవడానికి ఇది మనకు పనికివస్తుంది.

1990ల మధ్యలో ఈ-మెయిల్ చిరునామాను సాధారణంగా కార్యాలయమో, విశ్వవిద్యాలయమో, ఇంటర్నెట్ సదుపాయం కల్పించిన సంస్థో ఇచ్చేది. ఆ చోటు వదిలితే చిరునామా కూడా పోయేది. మన దేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చిందే 1995 ఆగస్టు 15న. ఆ మరుసటి ఏడాది, 1996 జూలై 4న, చండీగఢ్‌లో పుట్టి బెంగళూరులో పెరిగిన సబీర్ భాటియా, తన సహచరుడు జాక్ స్మిత్‌తో కలిసి అమెరికాలో హాట్‌మెయిల్‌ను ప్రారంభించాడు. బ్రౌజరు ఉన్న ఏ కంప్యూటరు నుంచైనా ఉత్తరాలు చూసుకోవచ్చు. రుసుము లేదు.

అక్కడ నుంచి వెళ్లే ప్రతి ఉత్తరం అడుగున, మీరూ ఉచితంగా ఖాతా తెరవండి అనే ఆహ్వానం ఉండేది. ఆ విధంగా ఉత్తరం రాసిన ప్రతి ఒక్కరూ ప్రచారకులయ్యారు. ఖాతాదారులు ఎంత పెరిగితే కొత్తవారు అంత ఎక్కువగా చేరతారు. మీరు గణితంలో చదివిన గుణశ్రేఢి ఇదే.

ఇప్పుడు అంకెలు చూద్దాం. ఆరు నెలల్లో ఖాతాదారులు సుమారు 10 లక్షలు. 1997 డిసెంబరు నాటికి 85 లక్షలకు పైగా. ఆ నెలలోనే మైక్రోసాఫ్ట్ ఈ సంస్థను కొనుగోలు చేసింది. 10, 20, 40, 80 అని లెక్కించండి. పన్నెండు నెలల్లో మూడు రెట్టింపులు. అంటే దాదాపు నాలుగు నెలలకు ఒకసారి సంఖ్య రెట్టింపయింది.

ఇదే వేగం కొనసాగితే 1999 ఫిబ్రవరికి ఎంత కావాలి? తొమ్మిది కోట్లు దాటాలి. కాని అప్పటికి ప్రకటించిన సంఖ్య 3 కోట్లకు పైగా మాత్రమే. రెట్టింపు కావడానికి దాదాపు ఎనిమిది నెలలు పట్టిందన్నమాట. చిత్రమేమిటంటే, నెలకు చేరేవారు తగ్గలేదు. మొదట నెలకు సగటున 6 లక్షలు పెరిగిన సంఖ్య, తరువాత 15 లక్షల చొప్పున పెరిగింది. పెరుగుదల ఎక్కువైంది, పెరుగుదల రేటు తగ్గింది. ఈ రెండూ ఒకటి కావని గ్రహించండి. ఏ గుణశ్రేఢీ లోకంలో అనంతంగా సాగదు. చేరగలిగినవారి సంఖ్యకు ఒక హద్దు ఉంటుంది.

అయితే తొందరపడి తీర్పు చెప్పకండి. 1997 నాటి అంకె ఖాతాలు తెరిచినవారిది. 1999 నాటి అంకె ఖాతాను వాడుతున్నవారిది. మొదటిది ప్రవేశాల రిజిస్టరు, రెండవది హాజరు పట్టీ! తెరిచి మరిచిపోయిన ఖాతాలు రెండవ లెక్కలోకి రావు. కనుక వేగం తగ్గినట్లు కనిపించడంలో కొంత భాగం కొలబద్ద మారడం వల్ల కావచ్చు.

2013లో హాట్‌మెయిల్ ఖాతాలన్నీ అవుట్‌లుక్ సేవలోకి మారాయి. కాని ఆ అంకెలు నేర్పిన పాఠం పాతబడలేదు. రేపు ఏదైనా సంస్థ తనకు కోట్ల మంది వాడుకరులు ఉన్నారని చెబితే, మీరు రెండు ప్రశ్నలు వేయండి. ఎంత కాలంలో? ఏ రిజిస్టరు ప్రకారం?