ఉత్తరవయస్సు – ఋషిఋణము

మన పూర్వులు మనుష్యజీవితమును నాలుగు ఆశ్రమములుగా విభజించిరి. తల నెరసి, దేహము ముడుతలు పడి, మనుమని ముఖము చూచిన గృహస్థు వనమునకు పోవలెనని మనుధర్మశాస్త్రము విధించినది. సూర్యవంశపు రాజులు వార్ధకమున మునివృత్తి నవలంబించిరని కాళిదాసు రఘువంశారంభమున వర్ణించెను. ఈ విధియందలి సారము అడవి కాదు. అధికారమును, ఆర్జనమును చేతిలో సత్తువ యుండగనే విడుచుట. మనుష్యుడు దేవ, ఋషి, పితృ ఋణములతో జన్మించునని శ్రుతి. యజ్ఞముచే మొదటిది, అధ్యయనముచే రెండవది, సంతానముచే మూడవది తీరునందురు. తాను నేర్చినది పరులకు అందింపనిదే రెండవ ఋణము పూర్తిగా తీరినట్లు కాదు. అడవులు తరిగిన యీ కాలమున వానప్రస్థు డెక్కడికి పోవలెను? మన దేశచరిత్రమే దీనికి సమాధానము చెప్పుచున్నది.

కందుకూరి వీరేశలింగముగారు 1848లో రాజమహేంద్రవరమున జన్మించిరి. 1874లో ధవళేశ్వరమున బాలికాపాఠశాలను నెలకొల్పి, 1881లో తొలి వితంతు వివాహమును జరిపించిరి. ఇవి యౌవన, మధ్యవయస్సుల పనులు. 1906లో, ఏబది యెనిమిదవ యేట, వారు హితకారిణీ సమాజమును స్థాపించి తమ యాస్తిని దానికి అప్పగించిరి. వారికి సంతానము లేనందున ఇది సులభమైనదని కొంద రనవచ్చును. కాని సంతానము లేని ధనికులు పెక్కుమంది కలరు. వారిలో దాయాదుల వ్యాజ్యములకు ఆస్తిని విడిచిపోయినవారే యెక్కువ. వీరేశలింగముగారు మరణానంతరమున జరుగవలసినదానిని బ్రతికియుండగనే జరిపిరి. ఆ పిదప పదమూడేండ్లు జీవించి 1919లో కీర్తిశేషులైరి.

ధనము లేనివాడు ఏమి యీయగలడు? చార్లెసు ఫిలిప్పు బ్రౌను చరిత్రము దీనికి ఉత్తరము. 1820లో కడపకు ఉద్యోగియై వచ్చిన ఆ యాంగ్లేయుడు వేమన పద్యములను వెదకి 1829లో అచ్చువేయించెను. తాళపత్రములు సేకరించుటకును, పండితులను పోషించుటకును స్వధనము వెచ్చించి అప్పులపాలయ్యెను. 1852లో ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువడెను. 1855లో ఉద్యోగము విడిచి స్వదేశమునకు పోయినవాడు తెలుగును మాత్రము విడువలేదు. లండనులో తెలుగు ఆచార్యుడై బోధించెను. ధనము తరిగినను విద్య తరుగలేదు.

తెలంగాణమునకు వచ్చినచో, 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము రావిచెట్టు రంగారావుగారి గృహమునందే పుట్టినది. 1910లో ఆయన గతించిన పిదప, భార్య లక్ష్మీనరసమ్మగారు ఆ నిలయపు భవనమునకై ధనమిచ్చిరి. భర్త పేర సత్రము కట్టించుట నాటి ఆచారము. ఆమె పుస్తకములకు ఇల్లు కట్టించెను.

మన జిల్లాలోనే డిచ్‌పల్లి కుష్ఠువైద్యశాల కలదు. స్కాట్లండు దేశీయురాలు, వైద్యురాలు ఇసబెల్ కెర్ 1907లో భర్తతో కూడ హైదరాబాదు రాజ్యమునకు వచ్చెను. ఊరివారు వెలివేసిన రోగులను చేరదీసిన ఆ దంపతులకు, రాజా నర్సాగౌడు అను హిందూ ధనికుడు విరాళమిచ్చెను. 1915లో డిచ్‌పల్లిలో వైద్యశాల వెలసినది. పరదేశపు క్రైస్తవురాలి శ్రమయు, ఇందూరు హిందువు ధనమును ఒకచోట చేరినవి. 1932లో ఆమె మరణించినను వైద్యశాల నిలిచినది.

ఈ చరితము లన్నిటియందును ఒక పద్ధతి కానవచ్చుచున్నది. దాత శక్తి యుడుగకముందే నిర్ణయించుకొనవలెను. ఇచ్చినదానిని ఒక వ్యక్తి దయకు గాక, పదిమందికి లెక్క చెప్పు సంస్థకు అప్పగింపవలెను. ఇచ్చిన పిదప పెత్తనము విడువవలెను. పత్రము లేని దానము, మరునాడే వివాదమగును.

మంజీరపై నిజాంసాగరము 1931లో పూర్తియైనది. ఆ నీటిచే చెరకు పండగా, 1937లో బోధనున నిజాం చక్కెర కర్మాగారము స్థాపితమై, ఆసియాలోనే పెద్దదిగా పేరొందినది. 2015లో అది మూతవడినది. గానుగలు ఆగినవి, కాని వానిని నడిపినవారి నేర్పు ఆగవలసిన పనిలేదు. యంత్రము విప్పి బిగింపగల వృద్ధులు, కాలువ వంతులు ఎరిగిన రైతులు, జమాఖర్చులు వ్రాయనేర్చిన గుమాస్తాలు, పిల్లలకు పాఠము చెప్పిన పంతుళ్లు మన పల్లెలలో నున్నారు. వారి తరువాత ఆ నేర్పు చెప్పువారుండరు.

గ్రంథాలయమున సాయంకాలము ఒక గడియ చాలును. చదువురానివారికి పత్రిక చదివి వినిపింపవచ్చును, అర్జీ వ్రాసిపెట్టవచ్చును, పడుచువారికి పనిముట్ల మర్మము తెలుపవచ్చును, తాము చూచిన ఊరి చరిత్రమును ఒక పుస్తకమున వ్రాసి బీరువాలో నుంచవచ్చును. ఇరువదియైదేండ్లు నిండిన మన గ్రంథాలయము కొందరి దానముచే పుట్టినది. పెరుగుటకు మరికొందరి కాలము కావలెను. ఉద్యోగము చాలించిన పెద్దలు ఈ సంగతిని విచారింతురుగాక. ఈ గ్రంథాలయమే వారి తపోవన మగుగాక.