పునుగా? పులిపిల్లా?



కందిపప్పు చేటలో పోసుకుని కూర్చుంటే రాయి ఏదో, గింజ ఏదో మనం చూపుతోనే చెప్పేస్తాం. బండి మీద వంకాయలు తిరగేసి పుచ్చు ఎక్కడుందో ఇట్టే పట్టేస్తాం. ఇంత చూపున్న మనం, చీకటిపడ్డాక ప్రహరీగోడ మీదుగా మచ్చల ఒళ్ళూ, చారల తోకా ఉన్న జంతువేదో నడిచిపోతే మాత్రం “అమ్మో, పులిపిల్ల!” అని కేక పెడతాం. ఆ కేక విని నలుగురు కర్రలు పట్టుకుని వస్తారు. తీరా చూస్తే అది పునుగు పిల్లి. ఎలుకలనూ, పురుగులనూ, రాలిన పళ్ళనూ తిని బతికే ప్రాణి. మనం పేరు తప్పు పలికితే దాని ప్రాణానికే ముప్పు వస్తుంది.

అటువంటి పొరపాటు జరగకుండా కాపాడే పుస్తకాలు కొన్ని ఉన్నాయి. ఇంగ్లీషులో వాటిని ఫీల్డ్ గైడ్లు అంటారు. మనం ఆనవాళ్ళ పుస్తకాలు అందాం. చేతిసంచిలో పట్టేంత ఉంటాయి. ఒక పక్క జంతువు బొమ్మ, ఒక పక్క దాని కొలతలు, రంగు, తోక తీరు, అడుగుజాడ, ఉండే చోటు వివరంగా రాసి ఉంటాయి. ఇంత చిన్న పుస్తకం వెనక దాదాపు రెండువందల ఏళ్ళ చరిత్ర ఉంది. ఆ చరిత్రలో మన నెల్లూరుకూ, కడప కొండలకూ, హైదరాబాదుకూ కూడా చోటుంది.

“నగరంలో కాపురం చేసుకునే మాకు అడవి మృగాల గొడవ ఎందుకమ్మా?” అంటారేమో. 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారు అన్నపూర్ణ స్టూడియో ప్రారంభించేనాటికి ఆ చుట్టుపక్కల చాలా భాగం రాళ్ళగుట్టలూ, ముళ్ళపొదలే. తరవాత సినిమా పరిశ్రమ మద్రాసు నుంచి క్రమంగా తరలివచ్చింది. 1989లో రామానాయుడుగారి స్టూడియో వచ్చింది. ఫిల్మ్ నగర్ పెరిగింది. బండలు పగిలాయి, మేడలు లేచాయి. మరి ఆ బండల సందుల్లో అంతకుముందే కాపురమున్న జీవాల మాటేమిటి? చోటు పోయినవి పోగా, మిగిలినవి మిగిలిన పొదల్లోనే సర్దుకున్నాయి. ఆఖరి నిజాం మనుమడు ముకరం జా గారి చిరాన్ ప్యాలెస్ చుట్టూ ఉన్న అడవిని, 350 ఎకరాలకు పైగా, 1998లో కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. పొద్దున్నే నడకకు వెళ్ళేవారికి అక్కడ నెమళ్ళు కనిపిస్తాయి. అయితే అదే చోట అలుగూ, పునుగు పిల్లీ, అడవిపిల్లీ, ముళ్ళపందీ కూడా ఉన్నాయి. మనం నిద్రపోయే వేళకు వాటికి తెల్లవారుతుంది. అంచేత అవి మనకు ఇరుగూ పొరుగే. పొరుగువాళ్ళ పేరు తెలుసుకోకపోతే ఎలా చెప్పండి?

ఇక కథలోకి వద్దాం. 1836లో థామస్ జెర్డన్ అనే వైద్యుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉద్యోగానికి వచ్చాడు. కొంతకాలానికి నెల్లూరులో సివిల్ సర్జన్ అయ్యాడు. రోగులను చూడగా మిగిలిన పొద్దంతా తూర్పుకనుమల్లోని జీవాల వెంటే తిరిగాడు. అక్కడి యానాదులను అడిగి ఎన్నో సంగతులు తెలుసుకున్నాడు. చివరికి 1867లో భారతదేశపు క్షీరదాల మీద, అంటే పిల్లలకు పాలిచ్చే జంతువుల మీద, పెద్ద గ్రంథం అచ్చువేయించాడు. ఆ గ్రంథంలో లాటిన్ పేర్ల పక్కన మన దేశభాషల పేర్లు కూడా ఇచ్చాడు. మనం మాటల్లో వాడుకునే గుంటనక్క కూడా అందులో ఉంది. ఆ పేర్లు పెట్టినవాళ్ళెవరనుకున్నారు? పుల్లలకీ, ఆకులకీ, తేనెకీ అడవికి వెళ్ళిన మన ఆడవాళ్ళూ మగవాళ్ళే. పుస్తకం మీద దొరగారి పేరుంటే ఉండవచ్చు, లోపలి ఎరుకలో సగం మనవాళ్ళది.

అదే కాలంలో వాల్టర్ ఇలియట్ అనే మరో అధికారి ఉండేవాడు. 1845లో అమరావతి స్తూపం దగ్గర తవ్వకాలు జరిపించిన ఇలియట్ ఆయనే. జంతువులన్నా ఆయనకు అంతే ఆసక్తి. కడప, నెల్లూరు మధ్య కొండల్లో దొరికిన ఒక చిన్న జంతువుకు 1850లో లండన్ పండితులు ఆయన పేరు పెట్టారు. చూడటానికి అచ్చం ఉడతలా ఉంటుంది గాని అది ఉడత కాదు. మూతి కోసుగా సాగి ఉంటుంది, భుజం మీద తెల్లని గీత ఉంటుంది. ఆ రెండూ దాని ఆనవాళ్ళు. మరో తమాషా చూడండి. ఆ తరవాత దాని శాస్త్రీయ నామంలో చేరిన ‘అనాథన’ అన్న మాట, వెదురు ఉడత అని అర్థం వచ్చే తమిళ పేరులోనుంచి తీసుకున్నది. మన పక్కవాళ్ళ మాట అలా లాటిన్‌లోకి ఎక్కింది.

అయితే ఆ రోజుల్లో జంతువు పేరు తేల్చాలంటే తుపాకితోనే తేల్చేవారు. కాల్చి, చర్మం వలిచి, పుర్రె కొలిచి, పళ్ళు లెక్కపెట్టి అప్పుడు చెప్పేవారు ఇది ఫలానా అని. 1883లో బొంబాయిలో ఎనిమిది మంది కలిసి నేచురల్ హిస్టరీ సొసైటీ స్థాపించారు. వారిలో ఇద్దరు మనదేశపు వైద్యులు. ఆ సంస్థ 1911లో దేశమంతటా క్షీరదాల సర్వే మొదలుపెట్టి వేలకొద్దీ చర్మాలూ, పుర్రెలూ పోగుచేసింది. 1929-30లో మన తూర్పుకనుమలలోనూ ప్రత్యేకంగా ఒక సర్వే జరిగింది. ఇవాళ మనకు తెలిసినదానికి పునాది అదే, కాదనలేం. కాని ఆ పునాది రాళ్ళు ప్రాణాలు.

ఆ సర్వేలో పడుచుతనంలోనే పనిచేసిన స్టాన్లీ ప్రేటర్ తరవాత ఆ సొసైటీ మ్యూజియానికి క్యూరేటర్ అయ్యాడు. మన రాజ్యాంగ సభలో ఆంగ్లో ఇండియన్ల తరఫున కూర్చున్న ప్రేటర్ కూడా ఆయనే. 1948లో ఆయన రాసిన భారతీయ జంతువుల పుస్తకం వెలువడింది. పండితులకోసం కాదు, మనబోటివారి కోసం రాశాడు. జంతువు ఎలా ఉంటుందో చెప్పి ఊరుకోకుండా ఎలా బతుకుతుందో, పిల్లలను ఎలా సాకుతుందో కూడా చెప్పాడు. తరతరాలుగా జంతువుల మీద మోజున్నవాళ్ళకు అది చేతిపుస్తకం అయింది.

ఈలోగా అమెరికాలో మరో ముచ్చట జరిగింది. 1934లో రోజర్ టోరీ పీటర్సన్ అనే చిత్రకారుడు పక్షుల మీద ఒక చిన్న పుస్తకం వేశాడు. బొమ్మ పక్కన చిన్న గీత గీసి, “ఇదిగో, ఇక్కడ చూడు, ఇదే తేడా” అని చూపించాడు. మొదటిసారి వేసినవి 2,000 ప్రతులు. చంపి చేతిలోకి తీసుకోనక్కర్లేదు, దూరంనుంచి చూసి చెప్పవచ్చని ఆ గీతలు నేర్పాయి. 1952లో అదే వరసలో క్షీరదాలకూ, 1954లో అడుగుజాడలకూ పుస్తకాలు వచ్చాయి. మన దేశపు క్షీరదాలకు అలా వెంట తీసుకుపోయే పుస్తకం వివేక్ మేనన్ 2003లో తెచ్చారు. 2014లో దాన్ని పెంచి, నాలుగువందలకు పైగా జాతులతో మళ్ళీ వేశారు.

ఈ పుస్తకాలు వాడటం మనకేమీ కష్టం కాదు. సినిమాలో నటుడు మీసం పెట్టినా, గడ్డం పెట్టినా, కిరీటం పెట్టినా నడకచూసి ఫలానావారని చెప్పేయమూ? ఇదీ అంతే. ముందుగా ఎంత సైజు, కుక్కంతా పిల్లంతా అన్నది చూడాలి. తరవాత తోక చూడాలి. పునుగు పిల్లికి ఒంటిమీద మచ్చల వరసలు, తోకకు నల్లని వలయాలు ఉంటాయి. మానుపిల్లి నల్లగా ఉంటుంది, తోకకు వలయాలుండవు, చెట్లూ ఇంటికప్పులూ ఎక్కుతుంది. అడవిపిల్లికి కాళ్ళు పొడుగు, ఒంటిమీద మచ్చలు కనిపించవు, పొట్టి తోక చివర మాత్రం నల్లని పట్టీలుంటాయి. జంతువు కనబడకపోతే జాడ చూడాలి. తడిమట్టిలో గోళ్ళ గుర్తులు పడితే కుక్క జాతి అనుకోవచ్చు. పిల్లి జాతి నడిచేటప్పుడు గోళ్ళు లోపలికి ముడుచుకుంటుంది. నలుపూ తెలుపూ పట్టీలున్న ముల్లు దొరికితే ముళ్ళపంది వచ్చి వెళ్ళిందన్నమాట. అది ముళ్ళు బాణాల్లా విసురుతుందన్న మాట మాత్రం నమ్మకండి. ఊడి పడతాయి, అంతే.

ఇక్కడ ఇంకో సంగతి. పోలికచూసి పేరు పెట్టడం మనవాళ్ళకు అలవాటు. పునుగు పిల్లి పిల్లి కాదు. ముళ్ళపంది పంది కాదు, ఎలుకకు చుట్టం. కొండగొర్రె గొర్రె కాదు, మగదానికి నాలుగు కొమ్ములుండే లేడి జాతి. గుండ్రని కళ్ళ దేవాంగ పిల్లి అయితే కోతికి దగ్గరి బంధువు. ఈ పేర్లు తప్పని పారెయ్యకూడదు. పేరు మనదే ఉంచుకుని, అది ఎవరి కుటుంబమో పుస్తకంలో చూసుకోవాలి. తిరుమలలో శుక్రవారం అభిషేకం అయ్యాక స్వామివారికి పూసే పునుగు తైలం గురించి వినే ఉంటారు. ఆ సువాసన ఇచ్చే జీవే మన గోడ మీద నడిచి వెళ్ళేదని తెలిస్తే కర్ర ఎత్తడానికి చెయ్యి రాదు.

అలుగు సంగతి మరీ జాలి. ఒళ్ళంతా పెంకులుండటంవల్ల చాలామంది అది చేపో, బల్లో అనుకుంటారు. నిజానికి అది పిల్లకు పాలిచ్చే తల్లి. పళ్ళు లేవు, పొడుగాటి నాలుకతో చీమలనూ చెదపురుగులనూ తింటుంది. భయపడితే బంతిలా చుట్టుకుంటుంది. పులిని ఆపగల ఆ ఉపాయం మనిషిని ఆపదు, బంతిని సంచిలో వేసుకుపోతాడు. పెంకుల్లో మందు ఉందంటారు గాని అవి మన గోళ్ళలాంటి పదార్థమే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అలుగును మొదటి షెడ్యూలులో పెట్టింది. ప్రపంచ దేశాలు 2016లో దాని అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించాయి. చట్టం పనిచేయాలన్నా ముందు పట్టుబడినది ఏ జంతువో తేలాలి కదా! బొమ్మలో పోల్చుకోవడానికి వీల్లేని మాంసం ముక్కో, చర్మం ముక్కో దొరికితే మన హైదరాబాదులోనే సి.సి.ఎం.బి. వారి లాకోన్స్ ప్రయోగశాల డి.ఎన్.ఏ. పరీక్షతో జాతి పేరు చెబుతుంది. నాడు పేరు తెలుసుకోవడానికి చంపేవారు. నేడు చంపినవాణ్ణి పట్టుకోవడానికి పేరు తెలుసుకుంటున్నారు. చరిత్ర తిరిగిన మలుపు అదీ!

చెప్పొచ్చేదేమిటంటే, పట్టుచీర కొన్న ఏడాది పిల్లలకు ఇలాంటి పుస్తకం కూడా ఒకటి కొనిపెట్టండి. రాత్రి పెరట్లో అలికిడైతే దగ్గరకు పోకండి, ముట్టుకోకండి, తరమకండి. దూరంనుంచి తోక చూడండి, ఒంటిమీద మచ్చలు చూడండి, పొద్దున్నే జాడ చూసి పుస్తకంలో పోల్చుకోండి. గాయపడ్డ జంతువైతే అటవీశాఖవారికి కబురు చెయ్యండి. మీ అమ్మమ్మగారి ఊళ్ళో ఆ జంతువును ఏమని పిలిచేవారో అడిగి, ఆ పుస్తకం అంచున పెన్సిలుతో తెలుగులో రాసిపెట్టండి. జెర్డన్ పుస్తకంలోకి మన పేర్లు ఎక్కింది అలా అడిగినందువల్లే. అడిగేవాళ్ళు లేకపోతే ముందు పేరు పోతుంది. పేరు పోయిన జీవి పోయినా పట్టించుకునేవారు ఉండరు.