1961 అమెరికన్ లీగ్ హోమ్ రన్ పోటీ

1961 బేస్‌బాల్ సీజన్‌లో అమెరికన్ లీగ్ హోమ్ రన్‌ల పట్టికలో న్యూయార్క్ యాంకీస్ ఆటగాడు రోజర్ మారిస్ 61తో మొదటి స్థానంలో, అదే జట్టుకు చెందిన మిక్కీ మాంటిల్ 54తో రెండో స్థానంలో నిలిచారు. జిమ్ జెంటీల్ (బాల్టిమోర్), హార్మన్ కిల్లెబ్రూ (మినెసోటా) చెరి 46 కొట్టారు. రాకీ కొలవీటో (డెట్రాయిట్) 45 కొట్టాడు. నేషనల్ లీగ్‌లో 46తో ఓర్లాండో సెపెడా (శాన్ ఫ్రాన్సిస్కో) ముందున్నాడు.

హోమ్ రన్ క్రికెట్ సిక్సర్‌కు దగ్గరి చుట్టం. బంతి కంచె దాటితే బ్యాటర్‌తో పాటు బేస్‌ల మీదున్న వాళ్లందరూ హోమ్ ప్లేట్‌కు చేరతారు, తలా ఒక పరుగు. ఒకే సీజన్‌లో బేబ్ రూత్ 1927లో కొట్టిన 60 అప్పటికి 34 ఏళ్లుగా చెక్కుచెదరని రికార్డు.

చిక్కంతా ఆటల సంఖ్య దగ్గర వచ్చింది. 1961లో అమెరికన్ లీగ్ ఎనిమిది జట్ల నుంచి పదికి పెరిగింది. దాంతో ఒక్కో జట్టు ఆడాల్సిన ఆటలు 154 నుంచి 162 అయ్యాయి. రూత్ రికార్డును 154 ఆటల్లోపే దాటాలని, ఆ తర్వాత దాటితే రికార్డు పుస్తకాల్లో విడిగా గుర్తు పెట్టాలని బేస్‌బాల్ కమిషనర్ ఫోర్డ్ ఫ్రిక్ జులైలో ప్రకటించాడు. పాత్రికేయుడిగా ఉన్న రోజుల్లో రూత్ పేరుతో వ్యాసాలు రాసిపెట్టినవాడు ఫ్రిక్కే. సీజన్ నడుమ నిబంధన తేవడమే తప్పు. అదీ రూత్ మనిషి తేవడంతో ఆ తీర్పుకు విలువ ఇంకా తగ్గింది.

మారిస్ మూడో స్థానంలో, మాంటిల్ నాలుగో స్థానంలో బ్యాటింగ్‌కు వచ్చేవారు. మారిస్‌ను కొట్టే అవకాశం ఇవ్వకుండా కావాలని బేస్‌కు పంపేస్తే తర్వాత ఎదుర్కోవాల్సింది మాంటిల్‌ను. అందుకే ఆ ఏడాది ఒక్కసారి కూడా ప్రత్యర్థులు అతన్ని అలా వదిలేయలేదు. అభిమానుల్లో ఎక్కువమంది మాత్రం రూత్‌ను దాటితే మాంటిలే దాటాలని కోరుకున్నారు. విలేకరుల తాకిడికి మారిస్ జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడింది. సెప్టెంబరులో సూదిమందు వికటించి తుంటి దగ్గర చీము పట్టడంతో మాంటిల్ పోటీ నుంచి తప్పుకున్నాడు.

ఫ్రిక్ పెట్టిన గడువు ముగిసిన సెప్టెంబరు 20న, బాల్టిమోర్‌లో మారిస్ 59 దగ్గర ఆగాడు. 26న 60వది వచ్చింది. అక్టోబరు 1న, సీజన్ చివరి ఆట నాలుగో ఇన్నింగ్స్‌లో బోస్టన్ పిచర్ ట్రేసీ స్టాలర్డ్ వేసిన బంతిని యాంకీ స్టేడియం కుడివైపు ప్రేక్షకుల్లోకి కొట్టాడు. ఆ ఆటలో పడ్డ పరుగు అదొక్కటే. స్టేడియం సగం కూడా నిండలేదు. డగౌట్‌లోకి వెళ్లబోయిన మారిస్‌ను, జనానికి టోపీ ఎత్తి చూపమని సహచరులే బయటికి నెట్టారు.

తేడా చూపే విధానాన్ని 1991లో తొలగించి, రికార్డును పూర్తిగా మారిస్ పేరున నమోదు చేశారు. అప్పటికి అతను చనిపోయి ఆరేళ్లు కావస్తోంది. 1998లో మార్క్ మెగ్వైర్ 70, 2001లో బ్యారీ బాండ్స్ 73 కొట్టినా వాళ్లిద్దరూ నేషనల్ లీగ్ ఆటగాళ్లు. అమెరికన్ లీగ్‌లో మారిస్‌ను దాటినవాడు ఆరోన్ జడ్జ్, 2022లో 62తో. అతనూ యాంకీసే. బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఫ్రిక్‌కు 1970లోనే చోటు దక్కింది. మారిస్‌కు ఇంకా దక్కలేదు.