పెచ్చులూడిన ఏనుగు

పాయా లేబర్‌లో మా ఇంటి బల్ల మీద అమ్మమ్మ ఇచ్చిన కొండపల్లి ఏనుగు అంబారీ ఒకటి ఉంది. రంగు పెచ్చులూడిపోతోంది. పూర్తిగా పోకముందే కంప్యూటర్లోకి ఎక్కిద్దామని మొన్న ఆదివారం దాన్ని వెబ్‌క్యామ్ ముందు పెట్టి, మెల్లగా తిప్పుతూ కూర్చున్నాను.

ఆలోచన పాతదే. 1858లో వెట్స్‌లార్ కెథడ్రల్ కొలతలు తీస్తూ మైడెన్‌బావర్ అనే జర్మన్ పైనుంచి పడబోయాడు. ఎక్కి కొలిచే బదులు ఫొటోల్లోంచే కొలవచ్చు కదా అని అప్పుడే తట్టిందట. మామూలు వెబ్‌క్యామ్‌తో ఆ పని కళ్ళముందే జరిగేలా 2009లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో చీ పాన్ బృందం చేసి చూపించింది. దాని పేరు ప్రొఫార్మా.

కెమెరా కదలదు, వస్తువే తిరుగుతుంది. గుర్తుపట్టగల చుక్కలను ప్రోగ్రాము వెంటాడి, వాటి మధ్య చోటునంతా నాలుగు ముఖాల ముక్కలతో నింపుతుంది. చుక్క కనబడిందంటే దానికీ కెమెరాకీ మధ్య ఏదీ అడ్డు లేదన్నమాట. కాబట్టి అడ్డొచ్చే ముక్కలను తీసేస్తుంది. మిగిలిందే బొమ్మ. కొండపల్లిలో పొణికి చెక్క మీద ఉలి చేసేదీ అదే!

రంగు చెదరని నున్నటి వీపు మీద చుక్కలు దొరకలేదు, అక్కడ సొట్టలు పడ్డాయి. పెచ్చులూడిన తొండం మాత్రం అచ్చంగా దిగింది. అమ్మమ్మ చేతుల్లో, మా చేతుల్లో అరిగిన చోటే కెమెరాకి ఆనింది.

ఈసారి ఊరెళ్ళినప్పుడు కొత్త రంగు వేయిద్దామనుకున్నాను. మానేశాను.