మొండి టీబీ గుట్టు విప్పిన పరీక్షలు

చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అంతవరకూ కడప జిల్లాలో ఉన్న మదనపల్లె కొత్త జిల్లాలో కలిసిన మరుసటి ఏడాదే, 1912లో, అక్కడ ఒక క్షయ ఆసుపత్రి మొదలైంది. పలు క్రైస్తవ మిషన్లు చేయి కలిపి నెలకొల్పినది కాబట్టి యూనియన్ మిషన్ ట్యూబర్‌క్యులోసిస్ శానటోరియం అన్నారు. తొలి సూపరింటెండెంట్ డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్. 1915లో ఆసుపత్రి ఊరి బయట సొంత స్థలానికి మారింది. ఆ చోటే ఆరోగ్యవరం.

అప్పటికి క్షయకు మందు లేదు. రెండు వేల అడుగులు దాటిన ఎత్తు, పొడిగాలి, విశ్రాంతి, పుష్టికరమైన తిండి, ఇవే చికిత్స. నెలల తరబడి మంచంలో ఉండి, ఒంట్లోని శక్తి క్రిమిని అణచగలిగితే రోగి ఇంటికి వెళ్లేవాడు. ఇప్పుడు రోగి తెమడ ఒక చిన్న యంత్రంలో పెడితే, క్రిమి ఉందా లేదా అన్నదే కాదు, అది ముఖ్యమైన మందుకు లొంగుతుందా లేదా అన్నదీ రెండు గంటల్లో తేలిపోతుంది. ఈ రెండింటి మధ్య నూరేళ్ల దూరం ఉంది. క్రిమిని చంపే మందు దొరికిన ప్రతిసారీ దాన్ని తట్టుకునే క్రిమి పుట్టింది. అలా పుట్టినదాన్ని పసిగట్టే పరీక్ష రావాల్సి వచ్చింది. మొండి టీబీ పరీక్షల చరిత్ర అంతా ఈ తరుముడే.

ఎర్రరంగులో తొలి ఆనవాలు

1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని లోకానికి చూపించాడు. ఈ క్రిమి ఒంటి మీద మైనంలాంటి పొర ఉంటుంది. మామూలు రంగులు దానికి సులువుగా పట్టవు. జీల్, నీల్సన్ అనే ఇద్దరు జర్మన్లు మెరుగుపరిచిన పద్ధతిలో ఎర్రటి ఫుక్సిన్ రంగును వేడిచేసి పట్టిస్తారు. తర్వాత ఆమ్లంతో కడుగుతారు. మిగతా క్రిములు దాదాపు అన్నీ రంగు వదిలేస్తాయి. క్షయ క్రిమి మాత్రం ఎర్రగానే నిలుస్తుంది. ఏళ్ల తరబడి మన ఊళ్లలో తెమడ పరీక్ష అంటే ఇదే.

చవకైన పరీక్షే గానీ దీనికి రెండు లోపాలు. ఒక మిల్లీలీటరు తెమడలో వేలకొద్దీ క్రిములుంటే తప్ప కంటికి ఆనవు. కనిపించినది బతికున్నదో చచ్చినదో, మందుకు లొంగేదో లొంగనిదో తెలియదు.

గుడ్డుసొన మీద సాగు

అది తెలియాలంటే క్రిమిని పెంచి చూడాలి. ఆస్ట్రియాకు చెందిన ఎర్నెస్ట్ లోవెన్‌స్టయిన్ 1931లో, డెన్మార్క్‌కు చెందిన యెన్సెన్ 1932లో రూపుదిద్దిన మాధ్యమం నేటికీ వాడుకలో ఉంది. గుడ్డుసొన, గ్లిజరిన్, కొన్ని లవణాలు కలిపి, గాజు గొట్టంలో ఏటవాలుగా గడ్డకట్టిస్తారు. అందులో మాలకైట్ గ్రీన్ అనే ఆకుపచ్చ రంగు కూడా వేస్తారు. అది వేరే క్రిములను అణిచేస్తుంది, క్షయ క్రిమిని ఎదగనిస్తుంది. తెమడను ముందే సోడియం హైడ్రాక్సైడ్‌తో శుద్ధి చేయడమూ ఇందుకే. అక్కరలేనివాటిని చంపి, వెతుకుతున్నదాన్ని బతికించడమే ఈ పనిలోని నేర్పు.

అయితే క్షయ క్రిమి రెండుగా చీలడానికి సుమారు ఒక రోజు పడుతుంది. చాలా క్రిములకు అరగంట చాలు. అందుకే గొట్టంలో దాని గుంపులు పొక్కుల్లా కంటికి కనబడాలంటే మూడు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి.

మందు వెంటే మొండితనం

1943లో అమెరికాలో ఆల్బర్ట్ షాట్జ్, సెల్మన్ వాక్స్‌మన్ ప్రయోగశాలలో, మట్టిలోని సూక్ష్మజీవి నుంచి స్ట్రెప్టోమైసిన్ తీశాడు. క్షయను చంపే తొలి మందు అదే. 1948లో వెలువడిన బ్రిటన్ పరిశోధన ఫలితాల్లో, ఆరు నెలలకు మందు తీసుకున్న 55 మందిలో నలుగురు చనిపోగా, విశ్రాంతి మాత్రమే పొందిన 52 మందిలో 14 మంది చనిపోయారు. ఎంత పెద్ద ఆశ! కానీ చాలామందిలో కొద్ది నెలలకే మందు పని చేయడం మానేసింది. అయిదేళ్లు గడిచేసరికి రెండు వర్గాల మధ్య తేడా చాలావరకు చెరిగిపోయింది.

కారణం లెక్కలో ఉంది. ఊపిరితిత్తిలో పడిన ఒక్క పుండులో కోట్ల క్రిములుంటాయి. మందు రాకముందే వాటిలో ఏ కొన్నో జన్యువు తేడాతో ఆ మందును తట్టుకునేవై ఉంటాయి. మందు మిగతావాటిని చంపి, తట్టుకునేవాటికి చోటు ఖాళీ చేస్తుంది. టమోటా తోటకు ఒకే మందు మళ్లీ మళ్లీ కొడితే పురుగు మొండికేస్తుందని మదనపల్లె రైతుకు తెలియంది కాదు. ఇక్కడా అంతే. రెండు మూడు మందులు కలిపి ఇస్తే, అన్నిటినీ ఒకేసారి తట్టుకునే క్రిమి ఉండే అవకాశం దాదాపు ఉండదు. పాస్ అనే మందు, 1952లో వచ్చిన ఐసోనియాజిడ్ ఇలా స్ట్రెప్టోమైసిన్‌తో జత కలిశాయి.

మద్రాసులో 1956లో మొదలైన క్షయ చికిత్సా కేంద్రం, ఇంట్లో ఉండి మందులు వాడినా శానటోరియంలో ఉన్నట్టే నయమవుతుందని 1959లో నిరూపించింది. శానటోరియంల కాలం ముగిసింది. మందు ఇంటికి చేరింది. దాంతోపాటు మధ్యలో మానేసే ప్రమాదమూ ఇంటికి చేరింది.

ఆరోగ్యవరం నుంచి పల్లెల్లోకి

ఈ మార్పుకు ముందే మదనపల్లె వైద్యులు పల్లెబాట పట్టారు. ఆరోగ్యవరంలో పనిచేసిన డాక్టర్ పి.వి.బెంజమిన్ తర్వాత భారత ప్రభుత్వానికి క్షయ సలహాదారు అయ్యారు. దేశంలో బీసీజీ టీకాలు వేయడం 1948లో మదనపల్లెలోనే మొదలైంది. తొలి సూపరింటెండెంట్ క్రిస్టియన్ కుమారుడు యోహానెస్ ఫ్రిమోట్ మోలర్ 1950 నుంచి మదనపల్లె, చుట్టుపక్కల పల్లెల్లో ఎక్స్‌రే, తెమడ పరీక్షలతో క్షయ ఎవరికుందో, ఎలా పాకుతోందో ఏళ్ల తరబడి కనిపెట్టి చూశారు. 1950-55 నాటి ఆ అధ్యయనం 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వచ్చింది. ఇంటివద్దే మందులివ్వడం పల్లెల్లో ఎంత ఫలితమిచ్చిందో చెప్పే నివేదిక 1981లో వెలువడింది. ఆసుపత్రికి వచ్చిన రోగికి నయం చేస్తే సరిపోదు, రానివాణ్ని వెతకాలి అన్న పాఠం చిత్తూరు పల్లెలు దేశానికి ఇచ్చాయి.

నూటికి ఒకటి

మొండి క్రిమి అని ఎప్పుడు అనాలి? 1963లో ఫ్రాన్స్‌కు చెందిన కనెట్టి, ఆయన సహచరులు దీనికి కొలత పెట్టారు. ఒకే తెమడలోని క్రిములను మందు లేని మాధ్యమం మీదా, మందు కలిపిన మాధ్యమం మీదా పెంచుతారు. మందు లేనిచోట వచ్చిన పొక్కులతో పోలిస్తే, మందున్నచోట నూటికి ఒకటి వచ్చినా ఆ మందు ఇక పనికిరాదు. కొలత చక్కగా కుదిరింది గానీ, ఫలితం వచ్చేసరికి రెండు మూడు నెలలు. ఈలోగా రోగి పనికిరాని మందే మింగుతుంటాడు, ఇంట్లోవాళ్లకు మొండి క్రిమినే అంటిస్తుంటాడు.

ముందు చంపి, తర్వాత చదివే పెట్టె

ఈ ఆలస్యాన్ని తగ్గించింది జన్యుశాస్త్రం. రిఫాంపిసిన్ క్షయకు ప్రధానమైన మందు. దాన్ని తట్టుకునే క్రిముల్లో సుమారు 95 శాతానికి మార్పు ఒకేచోట, ఆర్‌పీఓబీ అనే జన్యువులోని 81 అక్షరాల ముక్కలో ఉంటుందని 1990ల్లో తేలింది. ఆ ముక్కను పీసీఆర్ అనే పద్ధతితో కోట్ల రెట్లు పెంచి చదివితే చాలు. ఆ పని చేసే జీన్ ఎక్స్‌పర్ట్ యంత్రాన్ని 2010 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించింది. మన ఆసుపత్రుల్లో దీన్నే సీబీనాట్ అంటారు.

పాత పద్ధతిలో క్రిమిని ప్రాణంతో పెంచాలి. ఇక్కడ తెమడలో కలిపే ద్రావణం పావుగంటలో క్రిములను చాలావరకు చంపేస్తుంది. ఆ తర్వాతే యంత్రం దాని జన్యువును చదువుతుంది. పరీక్ష చేసేవారికీ రక్షణే. బెంగళూరులో రూపుదిద్దుకుని, గోవా సంస్థ మోల్‌బయో తయారుచేస్తున్న ట్రూనాట్ ఇంకో అడుగు ముందుకేసింది. బ్యాటరీతో నడుస్తుంది, ఏసీ గది అక్కర్లేదు. 2020లో దానికీ ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం దక్కింది.

పాత గొట్టం అవసరం తీరలేదు

ఈ జన్యు పరీక్షకూ హద్దులున్నాయి. చచ్చిన క్రిమి జన్యువూ దొరుకుతుంది కాబట్టి, చికిత్స పనిచేస్తోందా అని చూడడానికి ఇది పనికిరాదు. మొండి టీబీకి ఏడాదిన్నర, రెండేళ్లు సాగిన చికిత్స బెడాక్విలిన్ వంటి కొత్త మందులతో ఇప్పుడు చాలామందికి ఆరు నెలలకు తగ్గింది. కానీ బెడాక్విలిన్‌ను తట్టుకునే క్రిమిని మన సీబీనాట్ చెప్పలేదు. దానికి ఇప్పటికీ ఎక్కువగా క్రిమిని పెంచే చూస్తారు. 1932 నాటి ఆలోచన ఇంకా మనకు కావాలి.

అందుకే రెండు వారాలు దాటిన దగ్గుకు మందుల దుకాణంలో ఏదో మాత్ర అడిగి సరిపెట్టుకోవడం తగదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీబీ పరీక్ష, మందులు ఉచితం. చికిత్స సాగినన్నాళ్లూ పోషణకు నెలకు వెయ్యి రూపాయలు రోగి ఖాతాలో వేస్తారు. టీబీ అని తేలితే, ఏ మందుకు లొంగుతుందో చూశారా అని అడగడం రోగి హక్కు. ఒంట్లో బాగుందని మధ్యలో మందు ఆపకుండా చివరిదాకా మింగడం అతని బాధ్యత. క్రిమి మొండికేయడానికి మనమిచ్చే అవకాశాలు ఇలాగే తగ్గుతాయి.